ఒరెగానో నూనె, ఆపా అడిగిన ప్రశ్న

నలభై ఏళ్లుగా సభల్లో మాట్లాడుతున్నాను. తాయెత్తుల మీద, పూనకాల మీద, పాముమంత్రాల మీద, ముహూర్తాల మీద గొంతు బొంగురుపోయేదాకా మాట్లాడాను. వాటిలో ఏ మాటనూ వెనక్కి తీసుకోవాలని నాకు అనిపించలేదు, ఒక్కటి తప్ప. మార్కాపురంలో ఒక ఆదివారం పొద్దున, కల్యాణమండపం నిండా ఉన్న జనం ముందు, "తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే" అన్నాను. అందరూ నవ్వారు. ఒక మనిషి మాత్రం ఆ మాటను డాక్టరు రాసిచ్చిన చీటీలా భద్రంగా ఇంటికి తీసుకుపోయింది.

వాదించడం నాకు నాయన నేర్పాడు. ఆయన మార్కాపురం దగ్గర ఒక పల్లెలో బడిపంతులు. సంస్కరణ సభ ఎక్కడ జరిగినా సైకిలెక్కేవాడు. నేను కాలేజీలో చేరాక నన్నూ వెంట తీసుకుపోయేవాడు. తిరిగి వచ్చే దారంతా నాకు పరీక్షే. "ఆయన ఏమన్నాడు? నువ్వయితే దానికేం జెప్తావు?" అని అడిగేవాడు. నేను చెప్పగానే తానే ఎదుటి పక్షమై ఇంకో ప్రశ్న వేసేవాడు. ఒకసారి ఒక సభలో, పాముకాటుకు మంత్రం వేస్తే బతికిన మనిషిని పక్కన నిలబెట్టుకుని ఒకాయన నాయనను నిలదీశాడు. "ఈయన ఎట్ల బతికినాడో చెప్పు." నాయన తడుముకోకుండా, "అది నాకు తెలవదు. కరిచిన పామేదో చూసినోళ్ళుంటే చెప్పగలను" అన్నాడు. జనం గొల్లుమన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటిదాకా ఆయనతో మాట్లాడలేదు. నేను వేదికెక్కే రోజు వస్తే తెలవదన్న ఆ మాట మాత్రం నోట రానివ్వకూడదని ఆ రోజే అనుకున్నాను. వేదికలెక్కాను, రానివ్వలేదు కూడా.

ఇక ఆపా సంగతి. మార్కాపురంలో మా వీధి మొదట్లో పూల దుకాణం ఆమెది. ఆమె నాకంటే ఆరేళ్లు పెద్ద. మా ఇళ్ల మధ్య ఒకే గోడ కాబట్టి చిన్నప్పటి నుంచీ వాళ్ల ఇంట్లో పిల్లలు పిలిచినట్టే నేనూ ఆపా, అంటే అక్కా అని పిలిచాను. ఆమె నన్ను తమ్ముడా అనేది. ఊళ్లో అందరికీ నేను సైన్సు సారునయినా ఆమెకు తమ్ముణ్ణే. గుడికి పోయే దండలూ, పెళ్లికూతురి జడలూ, దర్గా ఉరుసుకు పూల చాదర్లూ ఆ చేతుల్లోంచే వెళ్లేవి. అరటినార తడిపి, ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుని, రెండు కనకాంబరాలు, ఒక మరువం రెమ్మ, ఒక ముడి. మళ్లీ రెండు, ఒకటి, ముడి. చేయి చూసుకునేది కాదు. ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడుతూనే మూర తరువాత మూర కట్టేది. మరువం వాసన ఆమె వేళ్లకు ఎంతగా పట్టిందంటే, ఆమె ఇచ్చిన టీ గ్లాసు కూడా అదే వాసన వేసేది.

చిన్నతనంలో వచ్చిన కీళ్లజ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసింది. నలభై దాటాక ఆపరేషన్ చేసి దాని స్థానంలో లోహపు కవాటం పెట్టారు. మధ్యాహ్నం పూట బేరాలు లేనప్పుడు పక్కన కూర్చుంటే, గడియారం నడిచినట్టు సన్నగా చప్పుడు వినిపించేది. "ఊళ్ళో అందరి గడియారాలూ గోడకుంటాయి, నాది లోపలుంది" అని నవ్వేది. ఆ లోహం మీద రక్తం గడ్డకట్టకుండా ఉండాలంటే రక్తాన్ని పలచబరిచే మాత్ర జీవితాంతం వేసుకోవాలి. మోతాదు తగ్గితే గడ్డ కడుతుంది, ఎక్కువైతే ఎక్కడో ఒకచోట కారుతుంది. అందుకని ప్రతి నెలా ఒంగోలు పోయి, రక్తం ఎంత పలచగా ఉందో పరీక్ష చేయించుకుని, ఆ అంకెను ఒక చిన్న పుస్తకంలో రాయించుకుని వచ్చేది. ఆకుకూరలు ఒకేసారి ఎక్కువ తిన్నా, ఒకేసారి మానేసినా మాత్ర లెక్క తప్పుతుందని డాక్టరు చెప్పాడట. ఆ రోజు నుంచీ గోంగూర వారానికి రెండుసార్లు, అదీ ఒకే గిన్నె కొలతతో. అయిదో తరగతి దాటని ఆ మనిషి పాటించినంత కచ్చితంగా ప్రయోగ నియమాలను నా విద్యార్థులు కూడా పాటించలేదు.

ఆ నూనె మా ప్రాంతానికి నిరుడు వచ్చింది. బొటనవేలంత సీసా, దానికి చుక్కలు వేసే మూత. ఒరెగానో నూనె అని పేరు. దుకాణాల్లో దొరకదు. ఒకరు ఇద్దరిని చేర్పించాలి, ఆ ఇద్దరూ మరో నలుగురిని. చేరినవాళ్లు చుట్టాలకు అమ్మాలి. మోకాళ్లకు, దగ్గుకు, షుగరుకు, బీపీకి, పిల్లలు పుట్టకపోతే, పుట్టిన పిల్లలు చదవకపోతే, అన్నిటికీ అదే సీసా. పలకల గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు రాయైపోయినవాళ్లకు దగ్గు పోతుందన్నారు. నీళ్లలోని ఫ్లోరైడుతో నడుములు వంగిపోయిన కనిగిరి వైపువాళ్లకు ఒళ్లునొప్పులు పోతాయన్నారు. ఊరికే ఎవరో ఊహించి కనిపెట్టిన అబద్ధాలు కావివి. ఎక్కడ ఏ నొప్పి ఉందో బాగా తెలిసినవాళ్లు ఆ నొప్పి కొలతకు సరిగ్గా కుట్టిన అబద్ధాలు. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లు కల్యాణమండపంలో పెద్ద సమావేశం పెడుతున్నారని తెలిసి, నేను వచ్చి ప్రశ్నలు వేస్తానని కబురు పంపాను. రమ్మన్నారు. జనం ఎక్కువ వస్తారని వాళ్ల ఆశ.

అంతకు మూడు రోజుల ముందు ఆపా దుకాణానికి పోయాను. మా ఇంట్లో పిల్లలు పిజ్జా తెప్పించుకున్నప్పుడు మిగిలిన చిన్న పొట్లం ఒకటి నా జేబులో ఉంది. లోపల ఎండిన ఆకుపొడి, పైన ఒరెగానో అని రాసి ఉంది. చింపి ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

"ఏం వాసన ఆపా ఇది?"

కళ్లు మూసుకుని పీల్చింది. "మరువం ఎండబెట్టినట్టుంది తమ్ముడా. కాకపోతే ఘాటెక్కువ. దానికి అక్కనో చెల్లెలో అయ్యుంటది."

ఇంటికి వచ్చి పుస్తకం తిరగేస్తే ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఒరెగానో, మరువం రెండూ ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు. ముక్కుతో వృక్షశాస్త్రం చెప్పిన ఆ మనిషిని తలుచుకుని సంతోషపడ్డాను. సభకు మంచి ఆయుధం దొరికిందని మరింత సంతోషపడ్డాను.

దుకాణం దగ్గర నేను లేచేటప్పుడు ఆమె, "ఆదివారం మీటింగుకు నేనూ వస్తా. ఒక మాట అడగాల" అంది. ఏమిటని నేను అడిగేలోగా బేరం వచ్చింది. తరువాత అడగొచ్చనుకున్నాను.

ఆదివారం హాలు నిండిపోయింది. బేస్తవారిపేట నుంచి, పెద్దారవీడు నుంచి ఆటోల్లో వచ్చారు. వేదిక మీద నూనె గురించి చెప్పే మనిషి ఇంతకు ముందు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పినవాడు. మాట తీరు బాగుంది.

"ఇది మందు కాదు సార్. ప్రకృతి. ప్రకృతిలో సైడెఫెక్ట్ అనేది ఉండదు" అన్నాడు.

"గన్నేరు గూడా ప్రకృతే నాయనా. కాయలు నూరి ఒక గ్లాసు కలిపిస్తా, తాగుతావా?" అన్నాను.

హాలు ఊగిపోయింది. అతను నవ్వి తేలికగా తీసుకున్నాడు. అలవాటైనవాడు. ముందు వరుసలోని ఒక పెద్దాయనను లేపాడు. ఆయన పెద్దారవీడు దగ్గర కూలికి పోతాడట.

"నా మోకాళ్ళు తగ్గినాయి సార్. మెట్లెక్కుతున్నా. నేనేమన్నా అబద్ధం చెప్తున్నానా?"

"లేదు పెద్దనాయనా. నువ్వు చెప్పేది నిజమే. కానీ నొప్పి తనంతట తానే తగ్గిందా, ఎండాకాలమొచ్చి తగ్గిందా, నూనెకు తగ్గిందా, నీకెట్ల తెలుసు? ఒక్కరి కథ సాక్ష్యం కాదు. వందమందికిచ్చి, ఇంకో వందమందికి ఇయ్యకుండా చూసి, అప్పుడు మాట్లాడాల."

ఆ మాట మీద ఈ రోజుకీ నిలబడతాను. ఆ మాటే తరువాత నా మీదికి తిరిగింది.

నా గొంతుకు ఊపు వచ్చింది. చప్పట్లు ఎక్కడ పడతాయో ముందే తెలుస్తున్న సమయం అది. అప్పుడు ఆడవాళ్ల వరుసల్లోంచి ఆపా లేచింది. కొంగు సరిచేసుకుని, ఎదుటివాళ్ల కుర్చీ పట్టుకుని నిలబడి అడిగింది.

"తమ్ముడా, గుండె మాత్రలు వేసుకునేవాళ్ళు దీన్ని తాగచ్చునా?"

ఆ రోజు ఆ హాలులో ఎవరైనా అడిగిన శాస్త్రీయమైన ప్రశ్న అదొక్కటే. అటు అమ్మేవాడు కానీ ఇటు ఖండించే నేను కానీ దాని దరిదాపులకు కూడా పోలేదు. నేను చేయవలసింది ఏమిటి? ఏ మాత్ర, ఎవరు తాగుతున్నారు అని అడగాలి. నాకు తెలియదని చెప్పాలి. నేను జేబులోంచి పిజ్జా పొట్లం తీసి పైకెత్తాను.

"చూడండి, వీళ్ళు చెప్పే అమృతం ఇదే. మన మరువానికి అక్క. మా ఆపా నలభై ఏండ్ల నుంచి మరువం కడతా ఉంది. అందులో అంత శక్తే ఉంటే ఈమెకు గుండె ఆపరేషన్ ఎందుకయ్యింది? ఆపా, నువ్వు దీన్ని తాగినా ఒకటే, తాగకపోయినా ఒకటే!"

నవ్వులు, చప్పట్లు. వేదిక మీది అతను కూడా తల దించుకున్నాడు. ఆపా నవ్వుతూనే కూర్చుంది. పక్కనున్న ఆడవాళ్లు ఆమెను మోచేత్తో పొడవడం, ఆమె సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నాకు గుర్తుంది. నా వాదం గెలిచింది. ఆ నెలలో చాలామంది ఆ గొలుసులోంచి తప్పుకున్నారని కూడా విన్నాను.

నాకు తెలియనిది ఒకటుంది. కనిగిరిలో ఉండే ఆపా ఆడబిడ్డ ఆ గొలుసులో చేరింది. వదిన మోకాళ్ల నొప్పితో కూర్చోలేకపోతోందని రంజాను ముందు ఒక సీసా తెచ్చి చేతిలో పెట్టింది. డబ్బు తీసుకోలేదు. ప్రేమతో ఇచ్చింది కాబట్టి కాదనడం కష్టం. అయినా ఆపా మూత తీయలేదు. గోంగూరే గిన్నెతో కొలుచుకునే మనిషికి ఆ సీసా మీద అనుమానం వచ్చింది. అడిగి తెలుసుకుందామని సభకు వచ్చింది. అడిగింది. నేను జవాబు చెప్పాను. తాగినా ఒకటే అన్నప్పుడు, తాగితే పోయేదేముంది అనుకుంది. ఆడబిడ్డ మనసు కష్టపెట్టకుండా ఉంటుంది, నొప్పి తగ్గితే తగ్గుతుంది. ఆ సాయంత్రమే మూత తీసింది.

తరువాత పెళ్లిళ్ల కాలం. ఆపాకు తల ఎత్తే తీరిక లేదు. రెండు నెలలు ఒంగోలు పోలేదు. చేతుల మీద నీలం మచ్చలు కనిపిస్తే పూలబుట్ట ఒరుసుకుందనుకుంది. పళ్లు తోముకునేటప్పుడు నెత్తురు కనిపిస్తే చిగుళ్లు వాచాయనుకుంది. రెండు నెలలు దాటాక ఒక పొద్దున, దుకాణంలో కూర్చుని దండ కడుతుంటే నార జారిపోయింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. ఎదురుగా నిలబడినామె పెళ్లి దండ కోసం తొందరపెడుతోంది. ఆపా ఏదో అందామనుకుంటే మాట ముద్దగా వచ్చింది. ఆమె కూతురు ఇంటికి పరుగెత్తుకొచ్చి మా గోడ మీదుగా నన్ను కేకేసింది.

"మామూ! అమ్మకు చేయి ఆడడంల్యా!"

నేను వెళ్లేసరికి ఆమె కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లో పెట్టుకుని, వేరేవాళ్ల వస్తువును చూసినట్టు చూస్తోంది. కాలి బొటనవేలికి నార ఇంకా చుట్టుకునే ఉంది. దాన్ని నేను విప్పాను.

ఒంగోలులో తల స్కాన్ తీసి, మెదడులో నెత్తురు కారిందన్నారు. రక్తం ఉండవలసినదానికంటే చాలా పలచగా ఉంది. లోహపు కవాటం ఉన్న మనిషికి అది కారకుండా ఆపడమూ ప్రమాదమే, ఆపకపోవడమూ ప్రమాదమే. డాక్టరు ముప్పై అయిదేళ్ల అమ్మాయి. చకచకా మందులు రాస్తూనే ప్రశ్నలు వేసింది.

"ఈ మధ్య కొత్తగా ఏమైనా వాడుతున్నారా? ఆయుర్వేదం, హోమియో, చూర్ణాలు, కషాయాలు?"

ఆపా కూతురు సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూడొంతులు ఖాళీ అయింది.

"ఇది తాగమని ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ తాగమని చెప్పలేదు మేడం" అంది ఆ పిల్ల. నా వైపు చూడలేదు. "తాగినా ఏం కాదన్నారు."

కాసేపటికి డాక్టరును బయట పట్టుకుని అడిగాను. "ఇదంతా ఆ నూనె వల్లేనా?"

"చెప్పలేనండీ" అంది. "రెండు నెలలు పరీక్షకు రాలేదు. మోకాళ్లకు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేసుకున్నారట, అవి ఈ మందుతో కలిస్తే నెత్తురు కారుతుందని మాకు బాగా తెలుసు. పైగా వయసు. నూనె పాత్ర ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దేని వాటా ఎంతో నాకు తెలియదు. కానీ ఈ మాత్ర వాడేవాళ్లు మాకు చెప్పకుండా ఇలాంటివి ఏవీ ముట్టుకోకూడదు."

"నాకు తెలియదు." ఆమె ఆ మాటను ఎంత మామూలుగా అందో! పక్కనుంచి పోతున్న నర్సుకు ఏదో పని చెబుతూ అంది. ఆమె గౌరవం రవ్వంత తగ్గలేదు.

ఆసుపత్రి వరండాలో కూర్చున్న ఆ రోజుల్లో, సభకు పోకముందు చదవవలసినదంతా చదివాను. దాన్ని ఇక్కడ రాయడం నా బాధ్యత. ఒరెగానో నూనెలో కార్వక్రాల్, థైమాల్ అనే పదార్థాలు ఉంటాయి. వాములో ఘాటు కూడా థైమాల్ వల్లనే. వీటిని ప్రయోగశాలలో గాజుపళ్లెంలో పెంచిన బ్యాక్టీరియా మీద, బూజు మీద వేస్తే చస్తాయి. ఇది నిజం. అమ్మేవాళ్లు చూపించే కాగితాలు చాలావరకు ఈ గాజుపళ్లేల గురించే. గాజుపళ్లెంలో సబ్బునీళ్లు పోసినా బ్యాక్టీరియా చస్తుంది. మనం సబ్బునీళ్లు తాగం. మనిషి లోపలికి పోయాక ఆ నూనె ఎంత మిగులుతుంది, ఎక్కడికి పోతుంది, రోగం మీద ఏం చేస్తుంది అని మనుషుల మీద చేసిన పరీక్షలు కొద్దిగానే ఉన్నాయి, అవీ చిన్నవి. షుగరు తగ్గిస్తుందని, మోకాళ్లు బాగుచేస్తుందని, పుండ్లు మాన్పుతుందని నమ్మకంగా చెప్పడానికి అవి చాలవు. ఇంతవరకు నేను సభలో చెప్పింది సరైనదే.

నేను చెప్పనిది రెండో సగం. కూరలోనో రొట్టె మీదో చల్లుకునే ఆకు వల్ల మామూలు మనుషులకు హాని కనబడలేదు. ఆకు వేరు, నూనె వేరు. బుట్టెడు ఆకుల సారం సీసాడు నూనెలోకి దిగుతుంది. అలా చిక్కబడ్డ నూనెను వేరే నూనె కలపకుండా చర్మానికి రాస్తే మంట పుట్టి బొబ్బలెక్కవచ్చు. తాగితే కడుపులో మంట, వాంతి రావచ్చు. తులసి, పుదీన కుటుంబం పడనివాళ్లకు ఇదీ పడకపోవచ్చు. గర్భిణులు మందు మోతాదులో వాడకూడదంటారు. షుగరు మందులతో కలిస్తే షుగరు మరీ పడిపోవచ్చునని, రక్తం పలచబరిచే మందులతో కలిస్తే నెత్తురు కారే ప్రమాదం పెరగవచ్చునని, ఆపరేషనుకు ముందు మానేయాలని హెచ్చరికలున్నాయి. ఈ హెచ్చరికల్లో కూడా చాలావాటి వెనక గట్టి రుజువులు లేవు. జంతువుల మీద, గాజుగొట్టాల్లో కనబడినదాన్ని బట్టి జాగ్రత్త పడమని చెప్పినవి. అంటే మేలు చేస్తుందని రుజువు లేదు, హాని చేయదని కూడా రుజువు లేదు. ఈ రెండింటిలో మొదటిది పట్టుకుని రెండోదాన్ని నేను మింగేశాను. పనిచేయనిది హాని చేయలేదనే తర్కం ఎక్కడిది? అయిదు నిమిషాల ముందు గన్నేరు పేరెత్తినవాణ్ణి నేనే కదా! ఎదుటివాణ్ణి ఓడించడానికి గన్నేరు గుర్తొచ్చింది, ఆపాకు జవాబు చెప్పడానికి గుర్తు రాలేదు.

ఆపా బతికింది. మాట దాదాపు తిరిగి వచ్చింది, కొంచెం నిదానం. నడక వచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం పూర్తిగా రాలేదు. గ్లాసు పట్టుకోగలదు, ముడి వేయలేదు.

ఆమె ఇంటికి వచ్చిన వారానికి మూఢనమ్మకాల మీద పోరాడే మా సంఘంలోని పాత మిత్రుడు ఒక కరపత్రం రాసుకొచ్చాడు. ఒరెగానో నూనె తాగి పూలమ్మే తల్లి ప్రాణం మీదికి తెచ్చుకుంది అని మొదటి వాక్యం.

"ఇది వెయ్యగూడదు" అన్నాను.

"ఎందుకెయ్యగూడదు? జరగలేదా?"

"నూనె వల్లనే అని డాక్టరు చెప్పలేదు. నొప్పి మాత్రలున్నాయి, పరీక్ష తప్పడముంది."

"సామీ, వాళ్ళు పచ్చి అబద్ధాలతో ఊళ్ళు ఊళ్ళు తిరగతాండ్రు. మనం నిజాన్ని రవ్వంత సాగదీస్తే ఏమైతది?"

"ఒక్కరి కథ సాక్ష్యం కాదని ఆ పెద్దాయనను కూర్చోబెట్టినా. ఆయన మోకాళ్ళకు లెక్కలేదు గానీ మా ఆపా చేతికి లెక్కుందా?"

అతను కోపంగా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇట్ల అయితే మనం గెలిచినట్టే" అని వెటకారంగా అని పోయాడు. అతని కోపం నాకు అర్థమైంది. అంత మంచి ఆయుధాన్ని వదులుకోవడం నాకూ కష్టంగానే ఉంది. నేను ఇన్నేళ్లు నమ్మిన నియమం నాకు అక్కరకు రాని రోజున కూడా నియమంగానే ఉండాలి. అంతకంటే కష్టం ఇంకొకటి మిగిలింది.

మరునాడు ఆపా దగ్గరికి పోయాను. కూతురు దండ కడుతోంది. పక్కన ఆపా కూర్చుని ఎడమచేత్తో కనకాంబరాలు రెండేసి జతచేసి అందిస్తోంది.

"బిగువు చాలదే. గుడి దాటేలోపల రాలిపోతాయి" అని కూతురిని గద్దించి, నన్ను చూసి పీట జరిపింది.

కూర్చున్నాను. నేరుగానే చెప్పాను. "ఆపా, ఆ రోజు నువ్వడిగినదానికి నాకు జవాబు తెలియదు. తెలియకుండానే చెప్పినా. నవ్వించడానికి చెప్పినా."

కూతురి చేయి ఆగిపోయింది.

"నాకా రోజే అనిపించింది" అంది ఆపా, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ. "నేనడిగింది మాత్రల గురించి. నువ్వు చెప్పింది మరువం గురించి. మళ్ళీ అడుగుదామనుకున్నా. అందరూ నవ్వుతాండ్రు. సిగ్గేసి కూర్చున్నా."

"తప్పు నాది."

"ఆ నూనె వల్లేనా నా చెయ్యి ఇట్లయింది?"

"తెలియదు ఆపా. కావచ్చు, కాకపోవచ్చు. ఎప్పటికీ తెలియదు."

ఎడమచేతిలోని జతను కూతురికి అందించబోయింది. కూతురు తీసుకోవడం మరిచిపోతే చేయి అట్లాగే చాచి ఉంచింది.

"మరి ఆ రోజు నా యనక కూర్చున్న ముసిలామెకు గుండె మాత్రలే. బేస్తవారిపేటామె. నువ్వు చెప్పినాక నాకు మల్లేనే తల ఊపింది. ఆమెకెవరు చెప్పాల?"

చాచి ఉన్న ఆ చేతిలోని జతను నేనే తీసి కూతురి ఒళ్లో పెట్టాను.

"నాకాడ చెప్తే ఏమొస్తది తమ్ముడా. యాడ నవ్వించినావో ఆడ చెప్పు."

చెప్పాను. అదే కల్యాణమండపం, మళ్లీ ఒక ఆదివారం పొద్దున. ఈసారి సమావేశం మేము పెట్టాం. నవ్వులు ఉంటాయని కొందరు, గొడవ ఉంటుందని కొందరు వచ్చారు. నూనె అమ్మేవాళ్లలో కూడా ముగ్గురు వెనక గోడకు చేరబడి నిలబడ్డారు. నేను మైకు అందుకోగానే ఆడవాళ్ల వరుసల్లోంచి ఆపా లేవడం మొదలుపెట్టింది. లేవడానికే చాలాసేపు పట్టింది. కూతురు పట్టుకోబోతే వద్దంది. ఎడమచేత్తో ముందు కుర్చీ పట్టుకుని, ఆ రోజు అడిగిన మాటలే ఒక్కొక్కటిగా అడిగింది.

"తమ్ముడా, గుండె మాత్రలు... వేసుకునేవాళ్ళు... దీన్ని తాగచ్చునా?"

ఆమె కుడిచేయి పక్కన వేలాడుతోంది.

"నాకు తెలియదు" అన్నాను. "ఆ రోజు కూడా తెలియదు. తెలియకుండా తాగినా ఒకటే అన్నాను. అది తప్పు. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లు, షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు దీన్ని తాగొద్దు. ఇప్పటికే తాగుతుంటే సీసాను డాక్టరు దగ్గరికి తీసుకుపోయి చూపించండి. ఈమె చెయ్యి దీనివల్లే పోయిందని నేను చెప్పను, ఎందుకంటే అది నాకు తెలియదు."

"అదీ! మా నూనె తప్పు లేదని ఆయనే ఒప్పుకుంటుండు" అని వెనక గోడ నుంచి ఒకడు అరిచాడు.

"తప్పు లేదనలా. తెలియదన్నా. నీకు తెలుసునా?" అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒకరి తరువాత ఒకరు లేచి అడగడం మొదలుపెట్టారు. ఫిట్సు మాత్రలతోనా? థైరాయిడు మాత్రలతోనా? పసిపిల్లల ఎదకు రాయొచ్చా? పసిపిల్లలకు రాయొద్దని చెప్పాను. మిగతావాటికి తెలియదు, కనుక్కుని చెప్తాను అని చెప్పి, ఒక్కొక్క ప్రశ్నా కాగితం మీద రాసుకున్నాను. కాగితం రెండు వైపులా నిండింది. బేస్తవారిపేట ముసలామె వచ్చిందో లేదో చూడమని ఆపాను అడిగాను. రాలేదంది. ఊరు తెలుసు కాబట్టి పోయి వెతకొచ్చంది.

బయటికి వచ్చేటప్పుడు ఎండ బాగా ఎక్కింది. ఆపా మెట్టు మీద ఆగి ఊపిరి పీల్చుకుంది. పక్కన నిలబడితే ఆ చిన్న చప్పుడు వినిపించింది.

"ఇంత చిన్న మాట చెప్పడానికి ఆరు నెలలు పట్టిందా తమ్ముడా నీకు?" అంది.

నాయనకు ఒక్క క్షణం పట్టిందని చెబుదామనుకున్నాను. ఆటో వచ్చింది. ఆమె ఎక్కడానికి చేయి ఇచ్చాను. తన ఎడమచేయి నా చేతిలో పెట్టింది.

"రేపు బేస్తవారిపేట పోదాం. పొద్దున్నే రా. ఆలస్యం చేస్తే నేనే పోతా" అంది.